ముద్ర ఉన్న పైపు

మొన్న మంగళవారం మా దుకాణానికి పెద్దకర్మ కార్డు ఒకటి వచ్చింది. కార్డు మీద పోయిన పెద్దమనిషి ఫోటో. తెల్ల లాల్చీ, భుజాన జరీ కండువా, ఒక చెయ్యి కారు బానెట్ మీద. పెద్దకర్మ కార్డు మీద కారు వేయించుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఎవరికైనా వెనకాల దేవుడి పటమో పూలకుండీయో ఉంటుంది. ఈయనకి కారు. అదీ మామూలుగా ఆపిన కారు కాదు. ముందు చక్రం పూర్తిగా పక్కకి తిప్పి ఉంది. చూసినవాళ్ళు ఆ డ్రైవరెవరో బండి సరిగ్గా ఆపడం రానివాడనుకుంటారు. చక్రం అలా ఎందుకు తిప్పి ఉందో తెలిసినవాళ్ళం నలుగురమే. అందులో ఒకాయన ఇప్పుడు ఫోటోలోకి వెళ్ళిపోయాడు.

కవరు మీద మా ఆయన పేరు రాసి ఉంది. కింద, సకుటుంబంగా రావాలని. ఎనిమిదేళ్ళు ఆ మనిషికి బ్రేకు సామాను అమ్మింది నేను. నా పేరేమిటో ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ప్రాణం పోయినా బుద్ధి పోలేదు మహానుభావుడికి, అనుకుని కార్డుని కౌంటర్ మీద పడేశాను.

మాది ఖమ్మంలో మోటారు స్పేర్ పార్టుల దుకాణం. మా ఆయన వారానికి నాలుగు రోజులు కొత్తగూడెం, పాల్వంచ, సత్తుపల్లి తిరిగి ఆర్డర్లు పట్టుకొస్తారు. కౌంటర్ మొదటినుంచీ నాదే. పెళ్ళయి వచ్చిన ఏడాదికే బేరింగు చేత్తో పట్టుకుని ఏ బండిదో చెప్పడం నేర్చుకున్నాను. మెకానిక్కులు మొదట నవ్వారు, తరవాత అక్కా అన్నారు, ఆ తరవాత ఏ బండికి ఏది సరిపోతుందో నన్నే అడగడం మొదలుపెట్టారు. ఈ పెద్దమనిషి మాత్రం మెట్లెక్కుతూనే నా తల మీదుగా లోపలికి తొంగి చూసి, "ఏమ్మా, మీ ఆయన లేరా?" అనేవాడు. లేరంటే, దవాఖానాకొస్తే డాక్టరు సెలవులో ఉన్నాడని విన్నట్టు ముఖం పెట్టేవాడు. స్టూలుని జేబురుమాలుతో తుడుచుకుని, వచ్చేదాకా కూర్చుంటానని కూర్చునేవాడు. మా ఆయన పాల్వంచలో ఉన్నారండీ, ఇవాళ రారు అన్నా వినేవాడు కాదు. అరగంట చూసి చూసి, ఇక గతిలేక నాతో మాట్లాడేవాడు.

వైరా ప్రాజెక్టు కింద మాగాణి, సత్తుపల్లి వైపు పామాయిల్ తోట. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న కుటుంబం. అంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నాకు తెలిసిందల్లా ఆయన అరచెయ్యి. ఏ వస్తువునైనా అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి బరువు చూసేవాడు. వంకాయలైనా వీల్ సిలిండరైనా ఒకటే పరీక్ష. బరువుంటే అసలు, తేలికైతే నకిలీ. "వస్తువు చూస్తే తెలియాలమ్మా" అనేవాడు. పెట్టె మీద రాసింది చదవడం ఆయన దృష్టిలో గుమాస్తాల పని.

కారంటే లక్ష్మి. అందుకని డ్రైవరు చెప్పులు విడిచి ఎక్కాలి. మే నెల ఎండలో మా దుకాణం ముందు ఆ డ్రైవరు దిగి, కాలుతున్న సిమెంటు మీద ఒక్కో అంగలో గెంతుతూ నీడలోకి రావడం మా మెకానిక్కులకి వేడుకగా ఉండేది. మరి మీ సారు చెప్పులో అని అడిగితే, ఆయన ఓనరు కదా అక్కా అన్నాడు. ఇంకో విషయం కూడా అతనే చెప్పాడు. పెద్దమనిషి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, పల్లం వచ్చినప్పుడల్లా తన కాలితో ఖాళీ నేలని తొక్కేవాడట. బస్సు ఎదురొస్తే తొక్కుడు, గేదె అడ్డమొస్తే తొక్కుడు. ఆ వైపు మ్యాటు ఆయన మడమ పెట్టేచోట చిల్లు పడింది. నేను కూడా చూశాను ఆ చిల్లు. బయటికి మేకపోతు గాంభీర్యం, లోపల పల్లమంటే ప్రాణభయం. ఆ భయమొక్కటీ ఒప్పుకుని ఉంటే ఆ మనిషి మీద నాకు కాస్త జాలి కలిగేది.

ఆ డ్రైవరు పేరు ముత్తయ్య. దుమ్ముగూడెం అవతల అడవి ఊరు, కోయవాళ్ళు. తునికాకు లారీల మీద క్లీనరుగా తిరిగి, స్టీరింగ్ నేర్చుకుని, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో లైసెన్సు తీసుకున్న మొదటి మనిషి అతనే. దాన్ని పాలిథిన్ కవరులో చుట్టి చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. టీ తాగడానికి వంగినా ముందు ఆ జేబు మీద చెయ్యి వేసుకునేవాడు. పోతే మళ్ళా ఇయ్యరక్కా అనేవాడు.

రెండు వేల ఆరో ఏడో, శీతాకాలం. పెద్దమనిషి మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి, తన కారుకి వేయించిన స్టీలు అల్లిక బ్రేకు పైపులు చూపించి వెళ్ళాడట. చక్రం దగ్గర బ్రేకుకి ఆయిల్ తీసుకెళ్ళే చిన్న పైపు మామూలుగా రబ్బరుది. గట్టిగా తొక్కితే అది లోపల కాస్త ఉబ్బుతుంది, పెడల్ మెత్తగా అనిపిస్తుంది. పైన సన్నని స్టీలు తీగతో జడలా అల్లితే ఉబ్బదు, తొక్కిన తొక్కుడంతా చక్రానికే వెళ్తుంది. పల్లమంటే వణికే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా మెరుస్తుంది. మర్నాడే మా మెట్లెక్కి, "ఏమ్మా, మీ ఆయన లేరా?" అన్నాడు.

మా ఆయన లేరు. నేనే హైదరాబాదు డీలరుకి ఫోను చేసి రెండు రకాలు తెప్పించాను. ఒకటి బట్టల్లేని స్టీలు. తళతళలాడుతోంది. చివర్లు మరలతో బిగించినవి, ఎవరు చేశారో ఎక్కడా రాసిలేదు. రెండోది చూడ్డానికి బోడిది. స్టీలు అల్లిక మీద ప్లాస్టిక్ తొడుగు, చివర్లు మిషనుతో నొక్కి మూసినవి, పరీక్ష చేశామని ప్రతి పైపుకీ ఓ చీటీ, రోడ్డు మీద తిరిగే బండికి వాడొచ్చని చివర మీద ముద్ర. నేను కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాను. తొడుగు లేని స్టీలు దేనికి రాసుకుంటే దాన్ని ఆకురాయిలా తినేస్తుంది. దుమ్ము అల్లికలోకి దూరి లోపలి గొట్టాన్నీ కొరుకుతుంది. మరల చివర్లు మనలాంటి చోట బిగిస్తే ఒకటి సరిగ్గా పడుతుంది, ఒకటి పడదు. ముద్ర లేని పైపు రేసు మైదానంలో తిప్పుకోవచ్చు, రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తే బండి పాస్ చెయ్యడు. చక్రం పూర్తిగా తిప్పినా లాగుడు పడనంత పొడవుండాలి, టైరుకి తగలనంత పొట్టిగా ఉండాలి. ఈ రెండోది మీ కారుకి కొలత పెట్టినట్టు ఉంటుంది, నాలుగు చక్రాలకీ ఇదే వేయించండి అన్నాను.

అంతా విని, రెంటినీ అరచేతిలో ఎగరేశాడు. ముద్ర ఉన్నదాన్ని పక్కకి నెట్టి, "స్టీలు కొనుక్కుని దానికి ముసుగెయ్యడమేంటమ్మా? కనపడొద్దూ?" అన్నాడు. ఎవరికి కనపడాలండీ, చక్రం వెనకాల ఉండేదే అంటే నవ్వాడు. ఆడవాళ్ళకి బంగారం తెలుస్తుంది గానీ బ్రేకులేం తెలుస్తాయి, మీ ఆయన్ని రానీ అన్నాడు. ఒళ్ళు మండింది. బంగారం మెరుగు చూసి మోసపోయే ఆడదాన్ని నేను ఇంతవరకూ చూడలేదు, పైపు మెరుగు చూసి మురిసిపోయే మగవాణ్ణి మాత్రం కళ్ళెదుట చూస్తున్నానని నోటిదాకా వచ్చింది. కొనేవాడు కదా అని మింగేశాను. ఆ నెలలో ఇంకో నాలుగుసార్లు వచ్చాడు. ప్రతిసారీ అవే రెండు పైపులు, అదే ఎగరేయడం, అదే ప్రశ్న. మా ఆయన ఒకసారి దొరికారు కూడా. "ఆ సంగతి మా ఆవిడకే తెలుసండీ" అనేసి పెట్టెలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళారు. పెద్దమనిషి ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడికి నాలుగోది ఎవరు చూపించగలరు?

ఐదోసారి వచ్చినప్పుడు చేతిలో ఓ పైపు ముక్క పట్టుకొచ్చాడు. సత్తుపల్లిలో అప్పుడప్పుడే బొగ్గు గని తవ్వకాలు మొదలై, మట్టి ఎత్తే పెద్ద యంత్రాలకి హైడ్రాలిక్ పైపులు కోసి చివర్లు నొక్కి ఇచ్చే దుకాణాలు వెలిశాయి. పామాయిల్ తోటకి పోతూ అక్కడ ఆగాడట. దండిగా ఉంది, బరువుంది, మెరుస్తోంది. కారు కొలతకి నాలుగు చేయించుకుని, మిగిలిన ముక్క నాకు చూపించడానికి తెచ్చాడు. కౌంటర్ మీద టక్కుమని పెట్టి, "వంద టన్నుల మిషనుని ఎత్తే పైపమ్మా ఇది. నా కారుని ఆపలేదా?" అన్నాడు.

ఈ తప్పు మా జిల్లావాళ్ళే చెయ్యగలరు. ఇంకోచోట అయితే ఆ పైపు దొరకదు, దొరికినా అంత నమ్మకం కలగదు. ఇక్కడ బొగ్గు యంత్రానికి పనికొచ్చిందంటే దేవుడి రథానికైనా కట్టేస్తారు. అండీ, దాని లోపలి రబ్బరు యంత్రం ఆయిల్‌కి చేసింది, బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్, అది ఈ రబ్బరుని నానబెట్టి పాడుచేస్తుంది అన్నాను. అదీ ఆయిలే, ఇదీ ఆయిలే అన్నాడు. ముక్క ఇక్కడే ఉంచి వెళ్ళండి అన్నాను. టీ గ్లాసులో బ్రేక్ ఆయిల్ పోసి దాన్ని వేశాను. వారానికి లోపలి రబ్బరు నానిన శనగలా ఉబ్బింది, గోరుతో గిల్లితే గుంట పడింది, ఆయిల్ నల్లబడింది. బయట స్టీలు మాత్రం చెక్కుచెదరలేదు. పైన పటారం, లోన లొటారం. పెద్దమనిషి వచ్చినప్పుడు గ్లాసు ఆయన ముందు పెట్టాను. వంగి చూశాడు. "ఇదేమన్నా ఇడ్లీ పప్పా నానబెట్టడానికి? మీ ఆయనకి చూపించావా?" అన్నాడు. అప్పటికే నాలుగు చక్రాలకీ వేయించేశాడు. మా పక్క షెడ్డులో బ్రేకు పని చేసే బాషాని బతిమాలితే అతను చెయ్యనన్నాడు. సత్తుపల్లిలోనే ఎవరిచేతో బిగించుకొచ్చాడు.

అప్పటినుంచి మొదలైంది ఆ చక్రం తిప్పుడు. పెళ్ళికి వెళ్ళినా, బ్యాంకుకి వెళ్ళినా, బండి ఆపగానే ముత్తయ్యని స్టీరింగ్ చివరికంటా తిప్పి ఉంచమనేవాడు. అప్పుడు చక్రం బయటికి తిరిగి, వెనకాల పైపు తళుక్కుమంటుంది. దారినపోయేవాడు వంగి చూసి, ఇదేంటండీ అని అడగాలి. అడిగేదాకా కారు దగ్గరే నిలబడేవాడు. వైరాలో ఎవరి పెళ్ళిలోనో మూడు గంటలు భోజనానికి కూడా కదలకుండా నిలబడ్డాడని ముత్తయ్య చెప్తే బాషా, నేనూ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆ పెళ్ళిలో తీసిందే కాబోలు కార్డు మీది ఫోటో.

ఏప్రిల్‌లో ముత్తయ్య ఒక్కడే వచ్చాడు. సీసా మూతలో బ్రేక్ ఆయిల్ పోసుకొచ్చి చూపించాడు. కాటుకలా ఉంది. "అక్కా, తొక్కితే మెత్తగ పోతుంది. రొండు మూడుసార్లు తొక్కితేనే పడుతుంది. గీ పైపులు తీసెయ్యాల్నా?" అన్నాడు. తీసెయ్యాలి, ఇవాళే తీసెయ్యాలి అన్నాను. తను చెప్తే సారు వినడని, నన్నే ఇంకోసారి ఆయనకి చెప్పమన్నాడు. గ్లాసు సంగతి గుర్తొచ్చింది నాకు. రెండుసార్లు చెప్పి చీదరింపులు తిన్నాను, మూడోసారి నేను చెప్పను, కావాలంటే మీ సారునే వచ్చి అడగమను అన్నాను. ముత్తయ్య జేబు మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు. చెప్పి ఉంటే వినేవాడని కాదు. కానీ నేను చెప్పలేదు.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున పెద్దమనిషి ఆటోలో వచ్చాడు. కారు లేదు, ముత్తయ్య లేడు, కండువా లేదు. మెట్లెక్కి లోపలికి తొంగి చూడలేదు. స్టూలు తుడవలేదు. నా ముందు నిలబడి, "ఆ ముద్ర ఉన్న పైపులు ఉన్నాయామ్మా?" అన్నాడు. మా ఆయన లేరని నేనే అన్నాను, ఎత్తిపొడుపుగా. "మీ ఆయనతో పనేముంది? నువ్వు చెప్పిందే నిజమమ్మా. ఆ రోజే నీ మాట వినాల్సింది" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. కారేదని అడగాలని తోచలేదు. ముఖం ఎందుకలా పాలిపోయిందని అడగలేదు. ఎనిమిదేళ్ళ కసి తీరినట్టయి, పైపులు తీసి, తుడిచి, ఒక్కో చీటీ చదివి వినిపించాను. అరచేతిలో ఎగరేయండి అని వెక్కిరించాను కూడా. ఎగరేయలేదు. పాల్వంచలో ఓ షెడ్డులో కారుందని, బాషాని పంపించమని అడిగాడు. బాషాని నేనే పిలిచాను. ఇంకా ఘనకార్యం ఏమిటంటే, ముద్ర బయటికి కనపడేట్టు బిగించమని నేనే చెప్పాను. రేపెప్పుడైనా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసినా వంగగానే కనపడాలి అన్నాను. పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు నాకు. ఆ సాయంత్రందాకా నేను నేల మీద లేను.

సాయంత్రం బాషా వచ్చి గోనెసంచి ఒకటి కౌంటర్ మీద పడేశాడు. లోపల పాత పైపులు నాలుగూ ఉన్నాయి. ఒకదాని రబ్బరు మెత్తబడి చివర ఊడి వచ్చేసింది. షెడ్డువాళ్ళు చెప్పగా విన్నదీ, తను కళ్ళారా చూసిందీ కలిపి చెప్పాడు. ముందురోజు పెద్దమనిషి మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి కుటుంబమంతా భద్రాచలం బయల్దేరారు. పాల్వంచ దాటాక అడవిలో పల్లం దిగుతుంటే పెడల్ నేలకంటింది. హ్యాండ్ బ్రేకు చాల్లేదు. ఎదురుగా బస్సు. రోడ్డు పక్కన లారీకి ఎత్తడానికి తునికాకు బస్తాలు పేర్చి ఉన్నాయి. ముత్తయ్య తన వైపు తగిలేట్టు బండిని ఆ బస్తాల్లోకి తోశాడు. బస్తాల వెనక మొద్దొకటి ఉంది. వెనక సీట్లో పిల్లవాడు ఏడవను కూడా లేదట. పెద్దమనిషికి మోచెయ్యి గీసుకుంది. ముత్తయ్య కాలు మోకాలి కింద నుజ్జయింది.

అక్కడ చేరిన జనంతో పెద్దమనిషి మొదట అన్న మాట, డ్రైవరు ఇప్పసారా తాగి ఉన్నాడని. అడవి మనిషి కదా, ఎవరికీ సందేహం రాలేదు. బ్రేకులు పోయాయని ముత్తయ్య అరుస్తూనే ఉన్నాడట, అరిచేవాడి కాలు చూస్తారు గానీ మాట ఎవరు వింటారు? కేసు కోసం బండి చూడ్డానికి శనివారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వంగి చూస్తాడు. కొత్త పైపులు, ముద్ర బయటికి. ఉన్నది ఉన్నట్టు రాసుకుపోతాడు. ఇదంతా తెలిసే బిగించావా బాషా అని అడిగాను. "బిగించినంక చెప్పిన్రక్కా. నువ్వు తెలిసి అమ్మినవా?" అన్నాడు. సంచి నేను సొరుగులో పెట్టాను.

అనుకున్నట్టే అయింది. బ్రేకులు సవ్యంగా ఉన్నాయి, పైపులు నిబంధన ప్రకారం ఉన్నాయి. ఇక తప్పు ఎవరిది? తొక్కినవాడిది.

పది రోజులకి ముత్తయ్య భార్య సమ్మక్క వచ్చింది. భర్త ఖమ్మం పెద్ద దవాఖానాలో ఉంటే అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా మెట్టు మీద కూర్చుంది. కొంగులో మూటకట్టి తెచ్చిన తునికి పండ్లు కౌంటర్ మీద పెట్టింది. లైసెన్సు లాక్కున్నారని, ఇక ఇవ్వరంటున్నారని చెప్పింది. కాలు సంగతి ఆఖరున చెప్పింది. "ఆయన తాగలేదక్కా. దేవుని కాడికి పోయే బండి, తాగి ఎట్ల నడుపుతడు? పాత పైపులు నీ కాడ ఉన్నయని బాషా చెప్పిండు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే ఇన్‌స్పెక్టరు మల్ల చూస్తడంట" అంది.

సొరుగు నా మోకాళ్ళకి తగులుతోంది. లాగితే చాలు. గ్లాసూ ఉంది, అందులో ముక్క కూడా ఇంకా ఉంది. వైరా, తల్లాడ వైపు ఆసాముల ట్రాక్టర్లన్నీ మా దుకాణానికే వస్తాయి, అందరూ ఆ పెద్దమనిషికి చుట్టాలే. కొత్త పైపులు ఎప్పుడు అమ్మావు, ముద్ర బయటికి తిప్పమని చెప్పింది ఎవరు అని అడిగితే నేనేం చెప్పాలి? ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చాయి. సమ్మక్క నా నోటివంకే చూస్తోంది.

"మా ఆయన లేరు. వచ్చాక అడిగి చెప్తా" అన్నాను.

మా ఆయన లోపలి గదిలో ఫిల్టర్ల పెట్టెలు సర్దుతున్నారు. దగ్గు కూడా వినపడుతోంది. సమ్మక్కకీ వినపడే ఉంటుంది. "అవ్ అక్కా" అని లేచి వెళ్ళింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. అప్పుడూ మా ఆయన లేరనే చెప్పాను. మూడోసారి రాలేదు. అసలు మా ఆయన్ని నేను అడగనే లేదు. అడిగితే వెళ్ళి చెప్పు అంటారేమోనని భయం. ఆయన అలాంటి మనిషే.

ముత్తయ్య మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. ఓసారి భద్రాచలం బస్సులో వెళ్తుంటే, దుమ్ముగూడెం రోడ్డు పక్క తునికాకు కళ్ళంలో కర్ర ఆనుకుని నిలబడి ఆకు కట్టలు లెక్క చూస్తూ కనిపించాడు. ఒక కాలు పొట్టిదయింది. ఆ కాలికీ చెప్పుంది ఇప్పుడు. నన్ను చూశాడో లేదో తెలియదు, నేను మాత్రం అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పెద్దమనిషి ఆ తరవాత మా దుకాణానికి రాలేదు. ఎదురుపడితే తప్పుకుని పోయేవాడు. పిరికివాడని, అబద్ధాలకోరని, ఒక కోయ డ్రైవరు బతుకు మీద కాలు పెట్టి నిలబడ్డవాడని నేను ఇన్నేళ్ళూ వినేవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాను. చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

మంగళవారం సాయంత్రం మా ఆయన వచ్చి కార్డు చూశారు. ఫోటో దగ్గరగా పెట్టుకుని, చక్రం ఇలా తిప్పి పెట్టారేంటి అన్నారు. నేను సొరుగు లాగి ఓ పైపు తీసి ఆయన చేతిలో పెట్టాను. స్టీలు ఇంకా మెరుస్తూనే ఉంది. ఇదేంటని అడిగితే, పాతదని చెప్పాను. ఆయన దాన్ని పక్కన పెట్టి మళ్ళీ కవరు చూశారు.

"ఎనిమిదేళ్ళు సామాను ఇచ్చింది నువ్వు. కార్డు నీ పేరు మీద రావాలి కదా" అన్నారు.

"లేదండీ. సరిగ్గానే రాశారు" అన్నాను.